ఉల్లంఘనము అను మాట

ఓరుగల్లులో ఒక శివాలయ మండపమున భక్తులు గుమిగూడి పురాణ శ్రవణము చేయుచున్న వేళ కాకతీయ ప్రతాపరుద్రుడు అచ్చటికి వచ్చినాడు. ఆ సందడిని చూచి ఇది యేమి గోష్ఠి అని అడిగినాడు. బసవపురాణము వినుచున్నారని తెలిసినది. అది యెట్టి గ్రంథమని మరల ప్రశ్నింపగా రాజు ప్రక్కనున్న విప్రుడొకడు నాలుగు మాటలలో తేల్చివేసినాడు. దానిని కూర్చినవాడు పాల్కురికి సోముడను పతితుడు. కూర్చినది నిన్న మొన్న. అందలి ద్విపదలో వళ్ళు ఉండవలసిన తీరున లేవు. అట్టి రచనకు ప్రమాణము లేదు. రాజు మారు పలుకక వెళ్ళిపోయినాడు. భక్తుల మనస్సు చివుక్కుమన్నది.

ఈ వృత్తాంతమును చెప్పినవాడు, పాల్కురికి సోమనాథుని తరువాత చాలకాలమునకు ఆ బసవపురాణమునే పద్యములలో తిరిగి వ్రాసిన పిడపర్తి సోమనాథుడు. ఇందలి ప్రతాపరుద్రుడు వేయిస్తంభముల గుడిని కట్టించిన రుద్రదేవుడా, 1323లో ఢిల్లీ సేనలకు చిక్కిన చివరి ప్రతాపరుద్రుడా అని పండితులు రెండు పక్షములై వాదించినారు. ఆ వాదమును చరిత్రకారులకు వదలవచ్చును. భక్తులకు కావలసినది విప్రుని నోట వచ్చిన మొదటి మాట. పతితుడు అనగా పడిపోయినవాడు. ఒక కవి ఒక నియమమును పాటింపలేదు. అందుకు ఆతనికి దొరికిన పేరు అది. ఆ కవి నిజముగా పడిపోయినాడా, దాటినాడా? పడినవాడును దాటినవాడును ఇరువురును నియమమునకు వెలుపలనే ఉందురు. దూరమునుండి చూచువానికి ఇరువురును ఒకే తీరుగ కనబడుదురు. వీరశైవ సంఘము తన బిడ్డలలో ఎవరు పడినవారో ఎవరు దాటినవారో చెప్పవలసి వచ్చినప్పుడెల్ల ఈ చిక్కు ఎదురగుచునే ఉన్నది. అందుచేత మాటల పుట్టుకను కొంత ఓపికతో విచారించుట వ్యర్థము కాదు.

నియమమును కాదని నడచుటకు నేడు పత్రికలలో, కచేరీలలో, న్యాయస్థానములలో వాడుకలోనున్న మాట ఉల్లంఘనము. రహదారి నిబంధనల ఉల్లంఘన, ఒప్పందపు ఉల్లంఘన, హక్కుల ఉల్లంఘన అని నిత్యము చదువుచున్నదే. ఈ మాటను విడదీసినచో ఉత్ అను ఉపసర్గయు లంఘనము అను పదమును దొరకును. తకారము లకారము ముందర లకారమై పోవుట పాణిని చెప్పిన సంధి. ఉత్ అనగా పైకి. లంఘనము అనగా దుముకుట, దాటుట. హనుమంతుడు లంకకు పోయినది సముద్ర లంఘనము చేసి. దానిని ఎవ్వరును నేరమనలేదు. కావున ఈ మాటలో మొదట ఉన్నది దోషము కాదు, చలనము. పైకెగిరి అవతలకు చేరుట. నడుమ ఒక కంచెయో కాలువయో గోడయో ఉన్నదని, దాటినవాడు దానిని చూచియే దాటినాడని ఆ మాటయే చెప్పుచున్నది. కన్నులు మూసికొని ఎవడును గోడ దుమకడు.

ఈ ధాతువునకు మరియొక అర్థము కలదు. అది తెలుగువారి ఇంటింటను తెలిసినదే గాని, రెండును ఒకే మాటయని ఎవరికిని తట్టదు. జ్వరము తగిలినవానిని పెద్దలు లంఖణము ఉంచుదురు. ఆ లంఖణము సంస్కృతములోని లంఘనమే. ధాతుపాఠమున ఈ ధాతువునకు పోవుట అను అర్థముతో పాటు భోజనము మానుట అను అర్థమును కూడ చెప్పినారు. చరకసంహిత సూత్రస్థానమున లంఘనము, బృంహణము అను చికిత్సలకు ఒక అధ్యాయమే కేటాయించినారు. దేహమునకు లాఘవము కలిగించునది లంఘనము, దేహమును పెంచునది బృంహణము అని అందలి వివరణము. లఘువు, లాఘవము, లంఘనము ఒకే కుటుంబమునకు చెందిన మాటలు. ఛందస్సులో గురువునకు ఎదురుగా నిలుచు లఘువును ఈ ఇంటిదే. బరువు దిగినవాడే ఎగురగలడు. కడుపునిండ తిని గోడ దుమకబోయినవాడు గోడమీదనే కూలబడును. దాటుటకును పస్తుండుటకును ఒకే మాట కుదిరినది ఊరక కాదు. ఏదో ఒకటి వదలుకొననిదే దాటుట జరుగదని ఆ మాటను మొదట వాడినవారికి తెలిసియుండవలెను.

అతిక్రమణము అను మాట ఇంత లోతైనది కాదు. క్రమము అనగా అడుగు, అడుగుల వరుస. అతిక్రమించుట అనగా వేయవలసిన చోటును మించి అడుగు వేయుట. అత్యాచారము అను మాటకు మూలార్థము ఆచారమును మించిపోవుటయే. నేడు అది ఒక ఘోరమైన నేరమునకు మాత్రమే పేరై నిలిచినది గనుక దానిని ఇక్కడ సాగదీయ పనిలేదు.

అచ్చతెలుగు మాట తప్పు. కన్నడమునను తప్పు తప్పే. దారి తప్పుట, గురి తప్పుట, అడుగు తప్పుట, లెక్క తప్పుట, మాట తప్పుట. వీటన్నిటిలోను చేరవలసిన చోటు ఒకటి ఉన్నది. అది చేయిజారిపోయినది. తప్పినవాడు గోడను చూచి దుమికినవాడు కాడు, త్రోవలో జారినవాడు. అయితే ఈ మాట అన్నిచోట్ల దోషమును చెప్పదు. గండము తప్పినదన్న ఊరట. కోడలు నెల తప్పినదన్న ఇంట పండుగ. అదే మాట తప్పదు అని నిలబడినచో విధి యగును. స్నానము తప్పదు, లింగపూజ తప్పదు, దాసోహము తప్పదు అనునప్పుడు తెలుగువాడు నియమమునకు వేరే పేరు వెదకుకొనడు. జారిపోకుండుటయే ఆతని భాషలో నియమము.

ఇక నియమమునకు తెలుగున ఉన్న గట్టి పేరు కట్టుబాటు. సంస్కృతపు నిబంధనలోనున్న బంధనమును ఆ కట్టే. ఇక్కడ శైవులకు ఒక విశేషము కనబడును. శైవ సిద్ధాంతము పతి, పశువు, పాశము అను మూడింటిని చెప్పుచున్నది. జీవుడు పశువు. ఆతనిని కట్టిన త్రాడు పాశము. ఆ త్రాడు తెగుటయే మోక్షము. అట్లయినచో కట్టు చెడ్డదా? కాని ఈ సంప్రదాయమే మెడలో లింగము కట్టుకొమ్మన్నది. లింగము కట్టినారు, లింగము కట్టించుకొన్నాడు అనుటయే తెలుగు వీరశైవుల వాడుక. ఒక కట్టు తెంపుటకు మరియొక కట్టు. దీనిని ఆలోచింపక, కట్లన్నియు చెడ్డవని ఒకడు, కట్లన్నియు పవిత్రమని వేరొకడు చెప్పుకొనుచు కాలము గడపుదురు. త్రాడు తెంచుకొన్న ఎద్దులు రెండు. ఒకటి ప్రక్కవాని చేనిలోనికి నేరుగా పోవును. రెండవది శివుని ముందర పోయి పండుకొనును. త్రాడు తెగినది మాత్రము చూచినవానికి రెండింటికిని భేదము తెలియదు.

ఎద్దు ప్రసంగము ఇక్కడ యాదృచ్ఛికము కాదు. బసవ అను మాట వృషభ శబ్దమునకు వికృతి. తెలుగు పల్లెలలో ఎద్దును బసవన్న అని పిలుతురు. బసవేశ్వరుడు నందీశ్వరుని అవతారమని బసవపురాణము కీర్తించినది. హద్దులు లేక తిరుగువానికి తెలుగు జనము పెట్టిన తిట్టును ఎద్దుమీదనుండియే వచ్చినది. అచ్చోసిన ఆంబోతు అందురు. చనిపోయినవారి పేరిట వృషోత్సర్గము చేసి, కోడెకు త్రిశూలపు గుర్తు వేసి, శివుని పేర వదలివేయుట పూర్వాచారము. దానిని ఎవరును కట్టరాదు, కొట్టరాదు, కాడికి పూన్చరాదు. అది ఎవరి చేను మేసినను దేవుని ఎద్దని ఊరుకొనవలెను. క్రమముగా ఆ మాట నిందయైనది. ఒంటిమీద దేవుని ముద్ర ఉన్నది, పని లేదు, అడుగువాడు లేడు. కాయకము లేని శివచిహ్నధారిని గూర్చి ఇంతకంటె కఠినమైన విమర్శ ఏ వేదాంతియు చేయలేదు.

బసవేశ్వరుని చరిత్రలో మొదటి ఉల్లంఘనము బాల్యముననే జరిగినది. తండ్రి మాదిరాజు ఉపనయనమునకు సిద్ధము చేసినాడు. బాలుడు వద్దన్నాడు. శివునకు అంకితమైనవానిని మరల కర్మములకు కట్టివేయుట తగదని వాదించినాడు. తండ్రి వినలేదు. కుమారుడు ఇల్లు విడిచినాడు. ఈ కథను ఏటేట బసవ జయంతినాడు చెప్పుచునే ఉందురు గాని, ఇందులో చూడవలసినదానిని చూడరు. జందెము ఆనాడు శిక్ష కాదు. అగ్రహారములో పుట్టినవానికి అది తాళపుచెవి. చదువు, దానము, సభలో మొదటి ఆసనము, రాజు చేతి తాంబూలము దానితోనే వచ్చును. బసవన్న కాదన్నది తనను అడ్డగించు నియమమును కాదు, తనకు అన్నము పెట్టు నియమమును. అది దాటుట వలన ఆతడు కోల్పోయినదే గాని సంపాదించినది లేదు. లంఘనమునకు లంఖణమను అర్థము ఎట్లు వచ్చినదో ఇక్కడ కన్నులార చూడవచ్చును.

దాటిన తరువాత ఆతడు కట్టులేక తిరిగినాడా అనగా లేదు. మెడలోని లింగము క్షణమైనను ఎడబాయరానిది. జంగముడు ఇంటికి వచ్చినచో లేదనరాదు. చేతిపనితో సంపాదించినదే తినవలెను. లింగాచారము, సదాచారము, శివాచారము, గణాచారము, భృత్యాచారము అని ఐదు ఆచారములు. నూలుపోగు బరువునకు బదులు ఆతడు ఎత్తుకొన్న బరువు పదింతలైనది. తూనికలో మోసము చేయు వర్తకుడును నియమమును దాటినవాడే అందురు. కాని వాడు దాటిన పిమ్మట వాని భుజముమీద బరువు తగ్గినది, పెట్టెలో బరువు పెరిగినది. వానిది తప్పు. దానిని ఉల్లంఘనమను పెద్ద మాటతో పిలుచుట ఆ మాటకే అవమానము.

ఉల్లంఘనము పగటివేళ జరుగును. కల్యాణమున బసవేశ్వరుడు బిజ్జలుని దండనాయకుడుగా ఉండి, అంత్యకులమున పుట్టిన శివనాగుమయ్యను తనతో సమానముగా ఆదరించినాడు. కులములను కలిపివేయుచున్నాడని విప్రులు రాజుతో మొర పెట్టుకొన్నారు. అట్లు మొరపెట్టుకొనుటకు వీలు దొరికినదే ఆతడు దాచలేదు గనుక. చాటున అందరితో కలిసి తిని, వెలుపల మడి నటించువారు ప్రతి యుగమున ఉందురు. వారిమీద ఎవడును రాజునకు ఫిర్యాదు చేయడు. ఇటీవలి కాలమున ఈ గుణము స్పష్టముగా కనబడినది 1930 నాటి శాసనోల్లంఘనములో. గాంధీమహాత్ముడు ఉప్పు చట్టమును ఉల్లంఘింపబోవుచున్నానని ముందుగా వైస్రాయికి జాబు వ్రాసినాడు. మార్చి 12న సబర్మతినుండి నడక మొదలుపెట్టి ఏప్రిల్ 6న దండి తీరమున ఉప్పు ఎత్తినాడు. శిక్ష వచ్చినప్పుడు తప్పించుకొనజూడలేదు. ఆ ఉద్యమమునకు తెలుగువారు శాసనోల్లంఘనము అని పేరు పెట్టుటలో ఎంత ఔచిత్యమున్నదో ధాతువు తెలిసినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

కల్యాణపు కథ చివర రక్తసిక్తమైనది. బిజ్జలుని పాలనము 1157నుండి 1167 వరకు. ఆతడు ఇద్దరు భక్తుల కన్నులు తీయించినాడని సోమనాథుడు చెప్పినాడు. చెప్పులు కుట్టు హరళయ్య కుమారునికి, బ్రాహ్మణుడైన మధువరసుని కుమార్తెకు జరిగిన పెండ్లియే అందుకు కారణమని తరువాతి కన్నడ సంప్రదాయము వివరించినది. ఆ తండ్రులిద్దరిలో ఎవడు ఎంత పోగొట్టుకొన్నాడని లెక్క చూచుట అన్యాయమే గాని, ఒక సంగతి చెప్పక తీరదు. మధువరసునకు ఆ పెండ్లి వలన రావలసిన లాభమేమియు లేదు. తన కులము వానికి ఇచ్చియున్నచో ముసలితనమున మనుమలతో ఆడుకొనెడివాడు.

ఆ పిదప బిజ్జలుడు చంపబడినాడు. శరణులు చెల్లాచెదరైనారు. రాజు వధను పురాణము భక్తుల ప్రతాపముగా చెప్పినది. బసవపురాణములోని ఉగ్రభక్తుల కథలు కొన్ని నేటి పాఠకుని కలవరపెట్టును. వాటిని దాచుట గాని, చక్కదిద్ది చెప్పుట గాని సోమనాథునికి చేయు మర్యాద కాదు. గణాచారము శివనింద సహింపరాదన్నది. చంపుట అన్నిటికిని తుది గీత. దానిని దాటినవాడు చెల్లింపవలసిన వెల తన ప్రాణముతో తీరక ఎదుటివాని ప్రాణముతో తీరుచున్నది. లంఖణము ఒకరిది, ప్రాణము ఒకరిది అయినచో అది లంఘనము కాజాలదు. కన్నులు పోగొట్టుకొన్న ఆ ఇద్దరికిని, కత్తి పట్టినవారికిని ఇంత భేదము కలదు.

ఇప్పుడు ఓరుగల్లునకు తిరిగి రావలెను. పాల్కురికి సోమనాథుడు నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తివాడని ప్రసిద్ధి. 2016 వరకు ఆ ఊరు వరంగల్లు జిల్లాలోనిదే. ఆతనికి నియమములు తెలియక ద్విపద వ్రాసినాడనుకొనుట తెలివితక్కువ. చతుర్వేదసారము వ్రాసినవానికి శాస్త్రము తెలియదనుటకు వీలు లేదు. వృషాధిప శతకమున అనేక భాషలలో పద్యములు కూర్చినవానికి వళ్ళు ఎక్కడ వేయవలెనో తెలియకపోలేదు. నన్నయనాటినుండి రాజసభ మెచ్చుకొన్న మార్గము గద్యపద్యములు కలిసిన చంపువు. ఆ మార్గమున వ్రాసియున్నచో ఆనాడు ప్రతాపరుద్రుడు మండపమున కూర్చుండి విని, అగ్రహారమొకటి రాసియిచ్చియుండెడివాడేమో. సోమనాథుడు దానిని వదలినాడు. పండితులు స్త్రీలకును పామరులకును పాడుకొనుటకు తగినదని తేలికగా చూచిన ద్విపదను చేపట్టినాడు. తెలుగు అందరికిని అర్థమగునది గనుక జాను తెనుగున చెప్పుచున్నానని తానే కారణము వివరించినాడు. పండితారాధ్య చరిత్రమున తుమ్మెద పదములు, వెన్నెల పదములు, గొబ్బి పదములు మొదలగు పాటల పేర్లు చెప్పినవాడాతడే. ఆ పాటలు పాడుకొనువారే ఆతని సభ.

ఇక్కడను లెక్క అదే వచ్చుచున్నది. రాజసభ పోయినది. వచ్చిన బరువు మాత్రము తక్కువది కాదు. ఏడు ఆశ్వాసముల బసవపురాణము, ఆ పైన మరింత పెద్దదైన పండితారాధ్య చరిత్రము, అంతయు ద్విపదయే. పంక్తికి మూడు ఇంద్రగణములును ఒక సూర్యగణమును వేయుచు వేలకొలది పంక్తులు ఒకే నడకన నడిపించుటకు ఎంత కట్టుదిట్టము కావలెనో వ్రాసిన వారికి తెలియును. యతిప్రాసలలో ఆతడు తీసికొన్న స్వేచ్ఛను చెప్పియే తీసికొన్నాడు, దొంగతనముగ కాదు. భవితో పంక్తిలో కూర్చుండరాదను వీరమాహేశ్వర వ్రతములో ఆతడెంత నిక్కచ్చిగా ఉండెనో ఆతని గ్రంథములు చదివినవారెరుగుదురు. ఇట్టివానిని పతితుడన్న విప్రునికి తెలిసిన చలనము ఒక్కటే. ఉన్నచోటునుండి కదలుట అనగా పడుట.

ఆ విప్రుడన్న మరియొక మాటను విడువరాదు. ప్రమాణము లేదన్నాడు. ప్రమాణమునకు కొలత అని అర్థము, ఆధారము అని అర్థము, తెలుగున ఒట్టు అని కూడ అర్థము. కొలబద్దతో చూచినచో ఆ మాటలో కొంత నిజమున్నది. ఒట్టుతో చూచినచో, నమ్మినదానికై రాజు మెప్పును కాదనుకొన్న రచనకు మించిన ప్రమాణము ఓరుగల్లులో ఆనాడెక్కడ దొరకును? 1369లో భీమకవి బసవపురాణమును కన్నడమునకు తీసికొనిపోయినాడు. బసవన్న పుట్టిన భాషకే ఆతని పురాణము తెలుగునుండి పోయినది.

పిడపర్తి సోమనాథుని సంగతి కొంత విచిత్రము. విప్రుడు చేసిన అవమానమును కన్నీటితో వర్ణించినవాడే ఆ పురాణమును ద్విపదనుండి తీసి పద్యములలో పెట్టినాడు. భక్తితోనే పెట్టినాడు, సందేహము లేదు. కాని దాటినవాని వెనుక వచ్చినవారు ఆ గోడను కొంచెము కొంచెముగా తిరిగి కట్టుట అన్ని మతములలోను జరుగుచునే ఉన్నది. ఆతనిని నిందించుటకు తొందరపడువారు తమ ఇంటి గోడను చూచుకొనుట మంచిది.

నేడు ఓరుగల్లులోను, దాని చుట్టుప్రక్కల ఊళ్ళలోను వీరశైవ గృహములలో తరచు కనబడు సంగతి ఒకటున్నది. తండ్రికి చిన్ననాడు లింగధారణ జరిగినది. ఉద్యోగమున చేరిన పిమ్మట మెడలో ఉన్నది అడ్డమనిపించి గూటిలో పెట్టినాడు. పండుగనాడు తీసి కడిగి విభూతి పెట్టి మరల గూటిలో పెట్టును. ఎవరైన అడిగినచో, బసవన్న బాహ్యాచారములను ఖండించినాడు కదా అని జవాబు. ఆ ఇంటి కూతురు వేరొక కులపు పిల్లవానిని పెండ్లాడెదనన్నది. ఆ పిల్లవాడు దీక్ష తీసికొనుటకు సిద్ధముగా ఉన్నాడు. గూటిలోని లింగమును మరచిన తండ్రికి అప్పుడు ఆచారము గుర్తునకు వచ్చును. గడప తొక్కవద్దన్నాడు. బంధువులు కూడి ఆ పిల్లకు పెట్టిన పేరు, విప్రుడు సోమనాథునికి పెట్టిన పేరే. పతితురాలు.

తండ్రి విడిచిన నియమమేది? ప్రతిదినము స్నానము చేసి, పత్రి తెచ్చి, అరచేత లింగమునుంచి కూర్చుండవలసిన నియమము. విడిచినందువలన ఆతనికి ఉదయమున అరగంట మిగిలినది. ఆతడు పట్టుకొన్న నియమమేది? ఊరిలో పరువు నిలుపు కులము. పట్టుకొన్నందువలన ఆతనికి ఖర్చేమియు కాలేదు. బసవన్న కట్టుకొన్నది విడిచినాడు, బసవన్న విడిచినది కట్టుకొన్నాడు. దీనికి ఉల్లంఘనమను పేరు చాలదు. ఇది తప్పు, దారి తప్పుట. ఇక ఆ పిల్ల మాట. ఆమె దాటినది పగలు, తల్లిదండ్రులకు చెప్పి. పుట్టినిల్లు, పసుపు కుంకుమ, చెల్లెలి పెండ్లిలో చోటు పోగొట్టుకొన్నది. వచ్చినది ఆ పిల్లవాడొకడు. ఆమెను బసవేశ్వరునితో పోల్చుట అతిశయోక్తి యగును. ప్రేమించినవానిని పెండ్లాడుట తన సుఖమునకే గదా అని వాదించువారుందురు, ఆ వాదములో కొంత న్యాయమున్నది. కాని పడినవారెవరని ఆ ఇంట అడిగినప్పుడు వ్రేలు ముందుగా ఆమెవైపు చూపుట న్యాయము కాదు.

మరియొక వైపు నుండి వచ్చు మాటను కూడ వినవలెను. చదువుకొన్న యువకులు కొందరు, బసవన్న కట్లు తెంచినాడు గనుక తామును ఏ కట్టును కట్టుకొననక్కరలేదందురు. వారు తెంచినదేదియు లేదు. కట్టనిదానిని తెంచుట ఎట్లు? గోడ ఎక్కడ ఉన్నదో చూడనివాడు దానిని దాటినాననుట, సముద్రపు ఒడ్డున నిలిచి లంక చూచి వచ్చితిననుట వంటిది. వారిలో ఎవడైన ఒక సంవత్సరము లింగపూజ చేసి, దాసోహము చేసి, అటుపిమ్మట తనకు తోచిన అభ్యంతరమును గురువు ఎదుట చెప్పినచో ఆతని మాటకు బరువుండును.

ఆ పిల్లవానికి దీక్ష ఎట్లు ఇయ్యవలెనను ప్రశ్న కొన్ని ఇండ్లలో నిజముగానే వచ్చుచున్నది. ఇచ్చువారు లేరని కాదు, ఇంటివారు పిలువకపోవుట వలన. దీక్ష మూడు తీరులు. వేధాదీక్షలో గురువు తన హస్తమును శిష్యుని శిరస్సుమీద ఉంచును. మంత్రదీక్షలో పంచాక్షరిని చెవిలో చెప్పును. క్రియాదీక్షలో లింగమును అరచేతిలో పెట్టును. తల, చెవి, అరచేయి. పుట్టుక ఏదని అడుగుటకు ఈ మూడింటిలో ఎచ్చటను చోటు పెట్టలేదు.